సుభాషిణి విగ్గు దువ్విన మధ్యాహ్నం

కలిశెట్టి తాయారమ్మ గారికి ఒక అలవాటుంది. శిష్యులు ఏదైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. చేతిలో పని ఆపరు, తల కూడా ఎత్తరు. అడిగినవాళ్లు తన మాట వినబడలేదేమో అనుకుని ఊరుకుంటారు. జవాబు రెండు రోజులకో పది రోజులకో వస్తుంది. ఒక్కోసారి అది జవాబని అడిగినవాళ్లకే తెలియదు.

పార్వతీపురంలో, కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పైన ఆమె పనిగది. నలభై ఏళ్ల పాటు పద్యనాటకాల వాళ్లకు జుట్లు కట్టి, గడ్డాలు అతికి, కిరీటం కింద చెమట పట్టినా ఊడకుండా నిలబెట్టిన మనిషి ఆమె. నాటకాలు తగ్గాక అవే చేతులతో మామూలు మనుషుల విగ్గులు బాగుచేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు వచ్చేవన్నీ సింథటిక్ విగ్గులే. తల వెంట్రుకలా కనిపిస్తాయి గాని, నిజానికి సన్నటి ప్లాస్టిక్ పోగులు. కొన్నాళ్లు వాడేసరికి మెడ దగ్గర రాపిడికి కొసలు ముడుచుకుపోతాయి, ఎండుగడ్డిలా పెళుసెక్కుతాయి. వాటిని మళ్లీ సాపు చేయాలంటే వేడి తగలాలి. వేడి రవ్వంత ఎక్కువైతే పోగు కరిగి ఉండకడుతుంది. అలా కట్టిందా, ఇక దాన్ని ఎవరూ విప్పలేరు.

ఇందుమతి ఆమె దగ్గర చేరి మూడో నెల. అంతకు ముందు బ్యూటీపార్లర్లో పనిచేసింది, చేతి నేర్పు ఉన్న మనిషి. కాని ఆ నెల మొదట్లో ఒకరి విగ్గును ఆవిరికి మరీ దగ్గరగా పట్టి, నుదుటి మీద పడే ముంగురులన్నీ కాల్చేసింది. చూస్తూ చూస్తూ ఉండగానే అవి ముడుచుకుని గట్టిపడ్డాయి. తాయారమ్మ గారు ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి మాత్రం వేడినీళ్ల గిన్నె చూస్తేనే ఇందుమతి పక్కకు తప్పుకుంటోంది. ఒక మంగళవారం ఉదయం ఆమె ఉండబట్టలేక అడిగింది.

"అమ్మగారూ, భయం పోయేదాకా ఆగి పని మొదలుపెట్టాలా, భయంతోనే మొదలుపెట్టాలా?"

తాయారమ్మ గారు సూదిలో దారం ఎక్కిస్తున్నారు. ఎక్కిస్తూనే ఉన్నారు.

ఆ మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. నలభై మూడేళ్లుంటాయి. తలకు చున్నీ గట్టిగా చుట్టుకుని ఉంది. పేరు సుభాషిణి అనీ, బడిలో లెక్కలు చెబుతాననీ, మూడు నెలలుగా సెలవులో ఉన్నాననీ చెప్పింది. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టి, చప్పున చెయ్యి వెనక్కి లాక్కుంది. కవరుకు రెండు ముడులు వేసి ఉన్నాయి.

"మీరే విప్పండి," అంది.

ఇందుమతి విప్పింది. భుజాల దాకా వచ్చే నల్లటి విగ్గు. పైన ఫర్వాలేదు గాని, వెనక మెడ దగ్గర అరచెయ్యంత మేర జుట్టంతా అట్టకట్టి కంబళి ముక్కలా ఉంది.

"దువ్వెన పెట్టి ఎన్నాళ్లయిందమ్మా?" అని అడిగారు తాయారమ్మ గారు.

"ఆర్నెల్లు."

"ఏం?"

సుభాషిణి చున్నీ ముడి సరిచేసుకుంది. కింద దుకాణంలో ఎవరో మిషను తొక్కి చూస్తున్నారు, ఆగుతూ ఆగుతూ ఆ చప్పుడు వస్తోంది. తరవాత నెమ్మదిగా చెప్పింది. రెండేళ్ల కిందట ఆమెకు రొమ్ములో కాన్సరు. మందు ఎక్కించడం మొదలైన పదిహేడో రోజు ఉదయం, బడికి వెళ్లే రోజుల్లోలాగే అద్దం ముందు నిలబడి దువ్వెన పెట్టింది. దువ్వెనతో పాటు పిడికెడు జుట్టు చేతిలోకి వచ్చేసింది.

"నొప్పి కూడా లేదండీ," అంది. "ఒక్క వెంట్రుక పీకితేనే చురుక్కుమంటుంది కదా. అంత జుట్టు ఊడి వస్తే ఏమీ తెలియలేదు. అప్పుడేసింది భయం. నా ఒంట్లో ఏం జరుగుతున్నా నాకు తెలియదన్నమాట, అని."

వైద్యం పూర్తయ్యాక జుట్టు కొన్నిచోట్ల వచ్చింది, కొన్నిచోట్ల రాలేదు. విగ్గుతోనే బడికి వెళ్లింది, పిల్లలు కూడా అలవాటుపడ్డారు. ఆర్నెల్ల కిందట ఒక రోజు విగ్గు దువ్వుతుంటే నాలుగు పోగులు ఊడి తెల్లటి గచ్చు మీద పడ్డాయి. అంతే, ఆమె అక్కడే కూలబడింది. అది ప్లాస్టిక్ అని తెలుసు. తెలిసినా చేతులు వినలేదు. ఆ తరవాత దానికి దువ్వెన పెట్టలేదు, నీళ్లు తాకించలేదు. అలాగే పెట్టుకు తిరిగింది. చిక్కులు పెరిగి, నలుగురూ చూసేలా అయ్యాక బయటికి వెళ్లడం మానేసింది. ఆర్నెల్లకోసారి విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్లి చూపించుకోవాలి. ఈసారి తారీఖు ఇస్తే రెండుసార్లు తప్పించింది. భర్త రామలింగం అడిగినప్పుడల్లా, విగ్గు బాగయ్యాక వెళ్దామంటోంది. ఆయన ఇంక ఆగలేక, తనే ఫోను చేసి ఎల్లుండి గురువారానికి సమయం తీసుకున్నాడు. ఈ చోటు కనుక్కుని పంపించిందీ ఆయనే.

"రేపటికి అవుతుందాండీ?" అని అడిగింది. అవదని చెబితే బాగుండునన్నట్టుంది ఆ అడగడం.

ఆమె కుడిచెయ్యి మాటిమాటికీ ఎడమ చంక కిందికి పోయి, అక్కడేదో తడుముకుని వెనక్కి వస్తోంది. తాయారమ్మ గారు అది చూశారు. ఏమీ అడగకుండా లేచి, వెడల్పు పళ్ల దువ్వెన ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టారు.

"అవుతుంది. మీరు దువ్వండి. వేడినీళ్ల పని ఇందుమతి చూస్తుంది."

ఇద్దరూ ఒక్కసారే తాయారమ్మ గారి వంక చూశారు. ఇందుమతి రెండడుగులు వెనక్కి వేసింది. ఈ విగ్గు తన చేతిలో పాడైతే ఈవిడకి మరొకటి లేదు. గురువారం వెళ్లకుండా ఉండడానికి ఒక కారణం తనే చేజేతులా ఇచ్చినట్టవుతుంది. "మీరు చేయండమ్మగారూ," అని బతిమాలింది.

"ఆవిరిలో నా చూపు ఆనడం లేదమ్మా," అని తాయారమ్మ గారు కుర్చీలో కూర్చున్నారు.

సుభాషిణి దువ్వెన తీసుకుంది. పైనుంచి దువ్వబోతే తాయారమ్మ గారు ఆపారు. "కొసల నుంచి రండి. రెండంగుళాలు విడిపడ్డాక ఇంకో రెండంగుళాలు పైకి. పైన ఒక చేత్తో పట్టుకోండి, కుదురు లాక్కుపోకుండా."

మొదటిసారి దువ్వెన దిగగానే పోగులు ఊడాయి. ఒకటీ రెండూ కాదు, గుత్తిగా. దువ్వెన పళ్లలో చిక్కుకుని వేలాడుతున్నాయి. సుభాషిణి ముఖం పాలిపోయింది. దువ్వెన అలాగే గాల్లో పట్టుకుని కూర్చుంది. ఆమె పెదవి మీద చెమట మెరవడం ఇందుమతికి కనబడింది. వెళ్లి పట్టుకుందామని ఒక అడుగు వేసింది. తాయారమ్మ గారు కళ్లతోనే వద్దన్నారు.

"అమ్మా," అన్నారు. "అవి మీరు దువ్వినందుకు తెగలేదు. ఎప్పుడో తెగి ఆ చిక్కులో ఉండిపోయినవి. దువ్వకపోయినా అవి తెగినవే."

సుభాషిణి దువ్వెనలోని పోగులు తీసి పక్కన పెట్టింది. మళ్లీ దువ్వింది. మళ్లీ ఊడాయి. తీసి పెట్టింది. అలా ఒక పావుగంట గడిచాక, తల ఎత్తకుండానే, విగ్గుతో చెబుతున్నట్టుగా అంది.

"చంకలో ఒక గడ్డ తగులుతోందండీ. చిక్కుడు గింజంత."

ఇందుమతి నీళ్ల గిన్నె వైపు వెళ్లబోయి ఆగిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నారు తాయారమ్మ గారు.

"నెల దాటింది."

"మీ ఆయనకి తెలుసా?"

"తెలీదు. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే." ఆమె దువ్వెన ఆపింది. "రోజూ పొద్దున్నే తడిమి చూసుకుంటాను, ఇవాళ ఉండదేమోనని."

కంగారు పడవద్దని గాని, ఏమీ కాదని గాని తాయారమ్మ గారు అనలేదు. కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకున్నారు. "కుడిపక్కన ఇంకా చిక్కు ఉంది," అన్నారు. సుభాషిణి కళ్లు తుడుచుకుని కుడిపక్కకు తిప్పింది.

చిక్కు విడిపడేసరికి నాలుగున్నరయింది. చన్నీళ్లలో కొంచెం షాంపూ కలిపి విగ్గు ముంచి, రుద్దకుండా అటూ ఇటూ ఆడించి తీశారు. రెండుసార్లు మంచినీళ్లలో జాడించారు. పిండకుండా తువ్వాల్లో పెట్టి అద్దారు. ఇక మిగిలింది ముడుచుకుపోయిన కొసలు. ఇందుమతి నీళ్లు కాగనిచ్చి, గిన్నె దించి, బుడగలు పూర్తిగా అణిగేదాకా ఆగింది. ఆగవలసినదానికంటే ఎక్కువే ఆగింది. ఆమె చేతిలో తడి విగ్గు ఉంది, ఎదురుగా సుభాషిణి ఉంది. ఆ విగ్గు పాడవ్వాలని కోరుకుంటోందో, బాగవ్వాలని కోరుకుంటోందో ఆమె కళ్లలో తెలియడం లేదు.

"చల్లారితే పని చేయదు," అన్నారు తాయారమ్మ గారు.

ఇందుమతి మొదటి పాయ ముంచింది. లోపలే లెక్కపెట్టుకుని చప్పున తీసి, చన్నీళ్లలో పెట్టి, వేళ్లతో సాపుగా లాగింది. కొస తిన్నగా నిలిచింది. రెండో పాయ, మూడో పాయ. నాలుగోది గిన్నె అడుగుకు తగిలింది. ఆ ఇనుము వేడికి కొస చిటుక్కున ముడుచుకుని పెసరగింజంత ఉండ కట్టింది. ఇందుమతి కెవ్వుమంది. విగ్గు జారిపోబోతే సుభాషిణి ముందుకు వంగి పట్టుకుంది.

"లోపలి పాయే. ఆ మేరకు కత్తిరించెయ్యి," అన్నారు తాయారమ్మ గారు, లేవకుండానే.

కత్తిరించింది. అయిదో పాయ ముంచేటప్పుడు ఇందుమతి చేతులు ఇంతకు ముందుకంటే ఎక్కువ వణికాయి. అయినా ఈసారి పోగును గిన్నె అడుగుకు అంటకుండా ఎత్తి పట్టుకుంది. మెడ చుట్టూ ఉన్న పాయలన్నీ అయ్యేసరికి ఆమె జాకెట్టు వీపంతా తడిసిపోయింది. విగ్గును ఫ్యాను గాలి నేరుగా తగలని మూల స్టాండుకు తగిలించారు.

బుధవారం మధ్యాహ్నం సుభాషిణి వచ్చి దాన్ని పెట్టుకుంది. కొత్తదానిలా లేదు. వెనక కొంచెం పలచబడింది కూడా. కాని మనిషి జుట్టులా ఉంది. ఆమె అద్దంలో చూసుకుంది, చున్నీ మడిచి సంచిలో పెట్టుకుంది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగింది.

గురువారం తెల్లవారుజాము బస్సుకు ఆమె, రామలింగం విశాఖపట్నం వెళ్లారు. బస్సు విజయనగరం దాటాక గడ్డ సంగతి ఆయనకు చెప్పిందట. ఆయన కిటికీ వైపు తిరిగి, ఆసుపత్రి వచ్చేదాకా ఆమె చెయ్యి వదల్లేదట. ఇవన్నీ ఆమె తరవాత చెప్పిన సంగతులు.

మూడు వారాల తరవాత ఆమె మళ్లీ మెట్లెక్కి వచ్చింది. పరీక్షలన్నీ అయ్యాయి. జబ్బు మళ్లీ మొదలైంది. ఇంకా ఎక్కడికీ పాకలేదని డాక్టర్లు చెప్పారు. వచ్చే సోమవారం నుంచి మందు ఎక్కిస్తారు. అక్కడక్కడా వచ్చిన ఆ కాస్త జుట్టూ పోతుంది.

"ఇంక నెలల తరబడి ఇదే పెట్టుకోవాలి కదండీ," అంది. "ప్రతిసారీ ఇక్కడికి రాలేను. ఇంట్లో నేనే చేసుకునేలా చెప్పండి."

ఆ పూటంతా ఇందుమతి ఆమెకు నేర్పింది. పది పదిహేను సార్లు పెట్టుకున్నాక ఒకసారి కడగడం, చన్నీళ్లే వాడడం, తడి మీద దువ్వకుండా ఆరాకే దువ్వడం, ఎండలో పెట్టకుండా బోర్లించిన చెంబు మీద నీడలో ఆరేయడం. పొయ్యి దగ్గర నిలబడేటప్పుడు, కుక్కరు మూత తీసేటప్పుడు విగ్గు తీసి పక్కన పెట్టడం. వేడినీళ్ల పని మాత్రం ఇంట్లో చేయవద్దని, దానికి తన దగ్గరికి రమ్మని చెప్పింది. సుభాషిణి లెక్కల టీచరు కదా, అన్నీ వరసగా కాగితం మీద రాసుకుంది. రాస్తున్నప్పుడు అక్షరాలు వంకరగా పడుతున్నాయి. రెండుసార్లు పెన్ను పెట్టేసి, కాసేపు తన అరచేతులు చూసుకుని, మళ్లీ రాసింది.

ఆమె వెళ్లాక ఇందుమతి బల్లంతా తుడిచింది. చివరికి అడిగింది.

"అమ్మగారూ, ఆవిడకి ఇప్పుడు భయం పోయి ఉంటుందా?"

ఈసారి తాయారమ్మ గారు చేతిలో పని ఆపారు.

"అది నేను అడగలేదమ్మా," అన్నారు. "వెళ్లి వచ్చింది. అంతవరకే చూశాను."