పెద్దరాజావారి పెట్రోలు

గుండ్లవీడు సంస్థానంలో పెద్దరాజావారు ముట్టుకున్న వస్తువేదీ పారేయకూడదని దివాన్ గోపాలాచారి కట్టడి. పెద్దరాజావారు పోయాక పద్నాలుగేళ్లు షెడ్డులో పడున్న కారును ఇప్పుడు చిన్నరాజావారి పెళ్లి ఊరేగింపు కోసం బయటికి తీశారు. "రేపటికి కదలకపోతే నీ కొలువు ఊడినట్టే" అన్నాడు దివాన్, మెకానిక్ దస్తగిరితో.

దస్తగిరి ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. "పెట్రోలు జిగురైపోయిందయ్యా. ఇది పారబోసి ట్యాంకూ గొట్టాలూ కార్బురేటరూ కడగాలి."

"పారబోస్తావా? అది పెద్దరాజావారు దగ్గరుండి పోయించిన పెట్రోలు! ఒక్క చుక్క పోయినా ఊరుకోను."

దస్తగిరి చెంపలేసుకున్నాడు. "తప్పయిపోయింది. అయితే కారు నడపనే కూడదండీ. నడిపితే ఆ పెట్రోలంతా కాలి పొగైపోతుంది. ఊరేగింపు మానుకోమని చిన్నరాజావారికి తమరే చెప్పండి."

దివాన్ కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "మరేం చేద్దామంటావోయ్?" అన్నాడు చివరికి.

"ట్యాంకులోంచి తీసి భద్రంగా దాచుకోండి. బిందెలు తెప్పిస్తే నేను పట్టిస్తాను."

సాయంత్రానికి గొట్టాలు శుభ్రమయ్యాయి, కొత్త పెట్రోలు పడింది, హ్యాండిల్ ఒక్కసారి తిప్పగానే ఇంజను గుర్రుమంది. దివాన్ మాత్రం ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని, ఆ కంపుకొట్టే మూడు బిందెలకు కాపలా ఎవర్ని పెట్టాలా అని కోటంతా తిరుగుతున్నాడు.