జామతోటలో కచేరీ

ఒక జామతోటకు కొండముచ్చు కాపలా ఉండేది. దాని అరుపు వింటే ఎర్రమూతి కోతులు కంచె దాటవని తోటవాడు తెచ్చి పెట్టుకున్నాడు. పని తేలికే. కోతులు కనబడగానే కొమ్మెక్కి "హుప్! హుప్!" అని అరవాలి. పూటకు దోసెడు వేరుసెనక్కాయలు పెట్టేవాళ్ళు.

ఒక ఉదయం తోటవాడి భార్య, జామకొమ్మలో గూడు కట్టుకున్న పికిలిపిట్ట పాట వింటూ నిలబడిపోయింది. "గొంతంటే దానిదయ్యా! మన కొండముచ్చుకీ ఉంది ఒక గొంతు, పగిలిన డప్పు!" అంది మొగుడితో.

కొండముచ్చుకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. తననూ పిట్టనూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. నలుపులో, పిట్ట తలా తన మొహమూ సమానమే. తోక పొడవులో తనదే పైచేయి. తోక కింద ఎరుపు పిట్టకు అందం, తనకక్కడ కూర్చుని కూర్చుని కాయలు కాచాయి. ఇక గొంతు సంగతి ఎత్తకపోవడమే మర్యాద.

సిగ్గు విడిచి పిట్ట దగ్గరికి వెళ్ళింది. "నాకు పాట నేర్పవా పికిలమ్మా?"

"నీకెందుకు మామా ఈ పిచ్చి?" అంది పిట్ట, పిల్లల నోట్లో పురుగు పెడుతూ.

కొండముచ్చు వింటేనా! గొంతు పాడవుతుందని అరవడం మానేసింది. కళ్ళు మూసుకుని సాధన చేసింది. పదో రోజుకు సన్నని కూత ఒకటి వచ్చింది. అది పాటేనా అని తనకే అనుమానం. కాకిపిల్ల కాకికి ముద్దు కదా అని సరిపెట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే కోతులు కంచె మీద చేరాయి. కొండముచ్చు కొమ్మెక్కి, నోరు తెరిచి, పాడింది.

కోతులు ఒక్క క్షణం బిత్తరపోయాయి. తర్వాత తోటలోకి దిగి, కొమ్మకొకటి ఎక్కి, జామకాయలు కొరుకుతూ, తలలూపుతూ విన్నాయి. పుట్టి బుద్ధెరిగాక కొండముచ్చు గొంతును ఎవరూ అలా వినలేదు. దానికి ఆపబుద్ధి కాలేదు.

పాట ముగిసేసరికి చెట్లు బోడివయ్యాయి. పిట్ట గూడు నేలపాలైంది. పిల్లల్లో ఒక్కటీ మిగల్లేదు.

"నా పాటకు ఏ కోతీ పారిపోదు మామా. నీ అరుపు ఉందనే ఇక్కడ గూడు పెట్టుకున్నాను," అంది పిట్ట. మరి వెనక్కి చూడకుండా ఎగిరిపోయింది.

కొండముచ్చు తల దించుకుంది. తనంత దద్దమ్మ ఏ అడవిలోనూ లేదని దానికి బాగా తెలిసింది. ఏడుపొచ్చింది.

అప్పుడు ముసలికోతి ఒకటి మూతి తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. "ఏం గొంతు బావా! రేపు అవతలి సపోటాతోటలో కలుస్తున్నాం. నువ్వొచ్చి పాడాలి."

కొండముచ్చు కళ్ళు తుడుచుకుంది.

"ఎన్నింటికి రమ్మంటారు?" అని అడిగింది.