ఉద్దండరాయుడి జిగురు పూత

ఉద్దండరాయుడికి ఉన్నట్టుండి తాను రాలిపోతానేమోనని భయం పట్టుకుంది.

సంగతేమిటంటే, రేవు నుంచి వచ్చిన ఒక వర్తకుడు అద్దాల గొట్టం ఒకటి కానుకగా తెచ్చాడు. దాని కింద ఉల్లిపొర పెట్టి చూపిస్తే, రాయుడికి ఇటుకలు పేర్చినట్టు గదులు గదులుగా కనిపించింది.

"వీటిని కణాలంటారు ప్రభూ. ఉల్లిపాయే కాదు, తమరూ కణాల కట్టడమే" అని చెప్పేసి ఆ వర్తకుడు మర్నాడు పడవెక్కి వెళ్లిపోయాడు.

ఆ పూట రాయుడికి ముద్ద దిగలేదు. ఇటుకల మధ్య సున్నం ఉంటుంది. మరి తన కణాల మధ్య ఏముంది? గట్టిగా తుమ్మితే ఏమవుతుంది? అప్పట్నుంచీ తుమ్మొస్తే ముక్కు పట్టుకోవడం, నవ్వొస్తే పెదాలు బిగించడం. నలుగు మానేశాడు. నడుముకి రెండు కండువాలు బిగించి మరీ కొలువుకి వచ్చేవాడు.

రాజవైద్యుడు కమలాకర భట్టుకి ఇంతకన్నా ఏం కావాలి? ఆయన తన బిరుదులన్నీ చదువుకునేలోపు చిన్నాచితకా జ్వరాలు వాటంతటవే తగ్గిపోయేవి.

"ప్రభూ, తుమ్మజిగురు పూత! నలభై రోజులు ఒళ్లంతా పట్టిస్తే ఒక్క కణం కూడా జారదు" అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరు, పేరిశాస్త్రి. తన బొజ్జ మీద తానే హాస్యాలాడి రాజుని నవ్వించడం ఆ కొలువులో ఆయన ఉద్యోగం. బొజ్జ పెరిగేకొద్దీ ఉద్యోగం స్థిరపడింది.

"నవ్వుతావేమయ్యా? కణాల్ని ఏం పట్టి ఉంచుతోందో నువ్వు చెప్పు!" భట్టు ఉరిమాడు.

"ఒకదాన్నొకటి అవే పట్టుకుంటాయండీ" అన్నాడు శాస్త్రి. భోజనాల దగ్గర వర్తకుడు ఇదంతా వివరంగానే చెప్పాడు. శాస్త్రి సగం విన్నాడు. మిగతా సగం వేళకి గారెలు వచ్చాయి.

రాయుడు ముందుకి వంగబోయి, భయపడి ఆగిపోయాడు. "రేపు భోజనం వేళకి రుజువు చెయ్యి శాస్త్రీ. లేకపోతే మాతోపాటు నీకూ పూత."

"నా విస్తీర్ణానికి రాజ్యంలో తుమ్మచెట్లు చాలవు ప్రభూ!"

రాజు నవ్వలేదు. అప్పుడు తెలిసొచ్చింది శాస్త్రికి. నలభై రోజుల జిగురు! చేతికంటుకున్న ముద్ద నోటిదాకా వస్తుందా, వచ్చింది లోపలికి పోతుందా?

వెంటనే భటుల్ని వరసగా నిలబెట్టి, మధ్యలో తానూ నిలబడి, చేతులు కలిపించాడు. "ఇదిగో ప్రభూ, కణాలు ఇలాగన్నమాట. ఎవరైనా లాగండి!"

ఎవరో లాగారు. నున్నటి రాతి నేల మీద శాస్త్రి కాలు జర్రున జారింది. భటులంతా వచ్చి ఆయన మీద పడ్డారు.

"చూశారా ప్రభూ, రాలిపోయాయి!" భట్టు చప్పట్లు కొట్టాడు.

కణాలు పక్కవాటినే కాదు, కాళ్ల కిందున్న ఆధారాన్ని కూడా పట్టుకుంటాయని వర్తకుడు చెప్పిన ముక్క, భటుల కిందున్న శాస్త్రికి అప్పుడు గుర్తొచ్చింది. బుర్ర ఎప్పుడూ ఇంతే, బొజ్జ నలిగితేగాని పని చెయ్యదు. లేచి దులుపుకుని తిన్నగా వంటశాలకి నడిచాడు. కష్టమొస్తే ఆయన వెళ్లే చోటు అదొక్కటే.

రుజువు కోసం ఆగకుండా భట్టు పూత మొదలెట్టేయడంతో, మర్నాడు కొలువులో రాయుడు జిగురు పూసిన విగ్రహంలా ఉన్నాడు. వింజామర వెంట్రుకలు చెంపకి అంటుకున్నాయి. పొద్దున్నుంచి కూర్చున్నాడేమో, సింహాసనం పట్టు పరుపు వీపుకి కరుచుకుపోయింది. భట్టు వెనకాల నిలబడి భుజాలకి రెండో పూత వేస్తున్నాడు.

శాస్త్రి రెండు కుంపట్లు, రెండు గిన్నెలు తెప్పించాడు. రెండింటిలోనూ బూడిద గుమ్మడికాయ ముక్కలు.

"ఇవి ఉత్త ముక్కలు ప్రభూ. అవి రాత్రంతా సున్నపు తేటలో నానబెట్టి కడిగినవి."

ఉడికేసరికి ఉత్త ముక్కలు ముద్దయిపోయాయి. సున్నంలో నానినవి అంచులు కూడా చెదరలేదు. వాటిని పాకంలో వేశాడు.

"కణాల పట్టు లోపలే ఉంది ప్రభూ. ఆ పట్టుకి బిగువిచ్చేది సున్నం. ఆ సున్నపు సారమే మనకి పెరుగులో, ఆకుకూరల్లో దొరుకుతుంది. పైన పూసిన జిగురుకి అక్కడేం పని?"

"గుమ్మడికాయ సంగతి సరే. మేం గుమ్మడికాయ కాదుగా!"

"గుమ్మడికాయని నేను ప్రభూ. తమ రుజువు తమ దగ్గరే ఉంది."

అని, పాకంలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూసుకుని ఇంకోటి. ఆ పాకం ముక్కలంటే రాయుడికి ప్రాణం. ఆ సంగతి కొలువంతటికీ తెలుసు.

"శాస్త్రీ, మాకు?"

శాస్త్రికి వినపడలేదు. గిన్నె అడుగు కనిపించింది. ఆఖరి ముక్క ఆయన నోటి దగ్గరికి వెళ్తోంది.

"ఒరేయ్, అది మాది!"

రాయుడు ఒక్క గెంతు గెంతాడు. చర్రుమని పట్టు పరుపు చిరిగింది. "లేవకండి ప్రభూ, విడిపోతారు!" అని భట్టు రెండు చేతులతో భుజాలు పట్టుకున్నాడు. అవి అంటుకుపోయాయి. రాజుగారు ముక్క దగ్గరికి, భట్టుగారు రాజుగారి వెంట, మెట్ల మీంచి దడదడా వచ్చిపడ్డారు.

ముక్క నోట్లో పడ్డాక రాయుడు తన చేతులు చూసుకున్నాడు. కాళ్లు చూసుకున్నాడు. సగం జిగురు అట్టలు కట్టి సింహాసనానికే ఉండిపోయింది.

శాస్త్రి చేతులు జోడించాడు.

"జిగురు ఊడింది ప్రభూ. తమరు ఊడలేదు!"

రాయుడు పెదాలు బిగించబోయి, ఎందుకులే అనుకుని, కండువాలు తెగేలా నవ్వాడు. ఆయన నవ్వినప్పుడల్లా వీపు మీద భట్టు కూడా ఊగాడు. కొలువు కొలువంతా పొట్టలు పట్టుకుంది.

"ఇన్నాళ్లకి నీ తిండి రాజ్యానికి పనికొచ్చిందయ్యా!" అంటూ రాయుడు తన కంకణం తీసి శాస్త్రి అరచేతిలో పెట్టాడు.

పెట్టిన చెయ్యి వెనక్కి రాలేదు. ఇటు పాకం, అటు జిగురు.

"ప్రభూ, భోజనం వేళయింది" అన్నాడు శాస్త్రి దీనంగా. "ముగ్గురికీ కలిపి ఒకే విస్తరి వెయ్యమనండి. పెద్దదిగా."