కుదుపు తెలియని ఓడ

ఫ్రాన్సు పడమటి తీరంలో, బ్రెస్ట్ రేవుకు దగ్గరగా, ఒక రాతిగుట్ట మీద చిన్న మఠం ఉండేది. నౌకాదళంలో కొలువు వదులుకుని గెనోలే అనే అధికారి అక్కడికి సన్యాసం పుచ్చుకుందామని వచ్చాడు. ఏడాది కావస్తున్నా అతనికి ప్రార్థనలో మనసు నిలవలేదు.

అతను పనిచేసింది ఉక్కు కవచం తొడిగిన పెద్ద యుద్ధనౌకలో. ఒకనాటి తెల్లవారుజామున, పొగమంచులో దారి చూసే బాధ్యత అతనిదై ఉండగా, ఆ ఓడ ఒక చేపలపడవ మీదుగా వెళ్ళిపోయింది. పడవలో ఉన్నది తండ్రీ కొడుకులు. ఓడలో ఎవరికీ చిన్న కుదుపైనా తెలియలేదు. బల్లమీది కాఫీ తొణకలేదు. రేవు చేరాక, ఓడ ముక్కుకి చుట్టుకున్న వల చూస్తేగాని సంగతి బయటపడలేదు. విచారణ జరిపినవాళ్ళు అతని తప్పేమీ లేదన్నారు.

ఆ మాటే అతన్ని తినేస్తోంది. మఠానికి పెద్ద అయిన కొరాంతెన్ స్వామి ముందు మోకరిల్లి చెప్పుకున్నాడు.

"తండ్రీ, ఏడుద్దామన్నా ఏడుపు రాదు. వాళ్ళని నేను చూడనే లేదు. చూడనివాళ్ళ కోసం పశ్చాత్తాపపడటం ఎలా?"

ముసలాయన మర్నాడు మధ్యాహ్నం ఒడ్డున ఒక జాలరిని అడిగి పడవ తీసుకుని, గెనోలేని తెడ్లు వెయ్యమన్నాడు. విన్యాసాలు ముగించుకుని యుద్ధనౌకలు రేవుకు తిరిగొచ్చే రోజది. అవి వచ్చే దారి పక్కకు చేరాక, ఇక ఆపమన్నాడు.

మొదటి ఓడ వచ్చింది. దగ్గరయ్యేకొద్దీ ఆకాశం సగం మూసుకుపోయింది. పొగ, ఇంజన్ల హోరు, నీళ్ళలోంచి గోడలా లేచిన నల్లటి ఉక్కు. అంత దగ్గరగా వస్తుందని గెనోలే అనుకోలేదు. లేచి నిలబడి చేతులూపాడు. గొంతు పోయేలా అరిచాడు. పైన ఒక కుర్ర అధికారి దుర్భిణి కంటికి ఆనించుకుని ఉన్నాడు. అతని చూపు రేవు మీద ఉంది.

ఓడ పక్కనుంచే పోయింది. దాని వెనక లేచిన అల పడవను ఎత్తి కుదేసింది. చన్నీళ్ళు పిక్కల దాకా నిండాయి. గెనోలే ఒక చేత్తో పడవ అంచునీ, ఇంకో చేత్తో ముసలాయన అంగీనీ గట్టిగా పట్టుకున్నాడు. ఓడ హోరు పూర్తిగా అణిగాక కూడా ఆ అంగీ వదల్లేదు.

"ఆ కొడుకు తండ్రిని ఇలాగే పట్టుకుని ఉంటాడా?" అన్నాడు. ఏడుపు ముంచుకొచ్చింది.

కొరాంతెన్ స్వామి అతన్ని తనివితీరా ఏడవనిచ్చాడు. ఆ తర్వాత పడవ అడుగునున్న చెక్క డొప్ప తీసి అతని చేతిలో పెట్టాడు.

"నీళ్ళు తోడు నాయనా. ఈ పడవతో ఒక ఇల్లు గడవాలి."