మోడుకి పురుడు పోసిన అసిరమ్మ

ఎప్పటి మాటో! కొండలకి ఇంకా పేర్లు పెడుతున్న కాలం నాటి మాట. ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి, కొట్టనివాళ్ళు ఇంకాస్త దగ్గరికి జరగండి.

ఒక కొండ కింద ఒక పల్లె. ఆ పల్లెలో ఒక మంత్రసాని. పేరు అసిరమ్మ. మొగుడు పోయాడు, కడుపున పిల్లలు లేరు. అయితేనేం? ఊళ్ళో అందరి బొడ్డూ కోసింది ఎవరు? అసిరమ్మే. అందరికీ మొదటి స్నానం పోసింది ఎవరు? అసిరమ్మే.

ఆ కొండ మీద ఒకప్పుడు ఎండ నేలకి దిగనంత అడవి ఉండేది. పైనుంచి గెడ్డ గలగలా దూకి ఊళ్ళోకి నీళ్ళు తెచ్చేది. మరి ఏం జరిగింది? కలపకని కొట్టారు. బొగ్గులకని కొట్టారు. గొడ్డలి చేతిలో ఉంది కదా అని ఊరికే కూడా కొట్టారు. కొండంతా మోళ్ళే మిగిలాయి. గెడ్డ ముందు సన్నబడింది, తర్వాత బురదయింది, ఆ తర్వాత రాళ్ళు తేలింది.

ఒకరోజు పొద్దున్నే ఒక ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. "నీళ్ళు తెండే!" అంది అసిరమ్మ. ఒక్క చెంబుడు తెచ్చారు.

"స్నానానికి తెమ్మంటే మొహం కడగడానికి తెచ్చారేటి?"

"ఇంట్లో ఉన్నవి ఇవే అత్తా."

ఆ మధ్యాహ్నమే ఊరిపెద్ద సింహాద్రినాయుడు చాటింపు వేయించాడు. "మూడు వానాకాలాలు చూస్తాం. అప్పటికీ గెడ్డ పారకపోతే ఊరు ఎత్తేస్తాం. ఎవరి దారి వాళ్ళది."

 ఎవరి దారి వాళ్ళదైతే అసిరమ్మ దారి ఎటు? తనకున్నది ఈ ఊరే కదా!

ఊట ఎక్కడికి పోయిందో చూద్దామని విసురుగా కొండెక్కింది. అలిసిపోయి ఒక మోడు మీద కూలబడింది. చేతికి ఏదో మెత్తగా తగిలింది. చూస్తే ఏముంది? ఎర్రటి చిగుళ్ళు! మేక కొరికినా, కొడవలి కోసినా, మళ్ళీ మళ్ళీ పుడుతున్న చిగుళ్ళు!

"ఓలమ్మో! ఇది సచ్చిపోలేదు. నీళ్ళాడింది, బిడ్డల్ని కంది!"

ఇక మంత్రసానికి ఒకరు చెప్పాలా? పదిమంది బిడ్డలకి ఒక్క తల్లి పాలు చాలవు. బలమైన చిగురు ఒకటి ఉంచి మిగతావి గిల్లేసింది. పాత చీర చింపి, పసుపులో ముంచి, దానికి కట్టింది. పక్కనే వేపమండ గుచ్చింది. గుమ్మానికి వేపమండ ఉన్న పురిటింట్లోకి ఎవరన్నా చొరబడతారా? ఆ రోజుకి మూడు మోళ్ళు. ఆ నెలకి మూడు పదులు. ఆ ఏడాదికి మూడు వందలు!

మొదటి ఏడు మేకల లచ్చుము మందతో వచ్చాడు.

"పురుడు జరిగింది, పక్కకి పో!"

"ఎవరికత్తా?"

"మోడుకి."

లచ్చుము పొట్ట పట్టుకుని నవ్వాడు. "మరి మేకలకి తెలీదే, పురుడని?"

"మేకకి తెలీదు. నీకూ తెలీదా?" అని, గిల్లేసిన చిగుళ్ళ మోపు అతని నెత్తిన పెట్టింది. "ఇంటికాడే మేపుకో. రోజూ ఇస్తాను." కొండంతా తిరిగే పని తప్పిందని లచ్చుము గంతులేసుకుంటూ పోయాడు.

రెండో ఏడు బొగ్గుల సూరప్ప గొడ్డలితో వచ్చాడు. అప్పటికి కొమ్మలు మనిషెత్తు.

"పురుడు జరిగింది, పక్కకి పో!"

"ఏడాది పురుడేటే తల్లీ! మా ఆడది పదకొండో రోజే రోటి దగ్గరికి పోయింది."

"అందుకే దానికి ఇప్పటికీ నడుంనొప్పి."

సూరప్ప గొడ్డలి కిందికి దించాడు.

"పక్కకొమ్మలు నరుక్కో. నిలువుకొమ్మ ముట్టకు. అలాగైతే ఏటేటా నీకు కట్టె ఉంటుంది. మొదలే కొట్టేస్తే వచ్చే ఏడు ఏటి కాలుస్తావు, నీ మీసమా?"

సూరప్ప మీసం తడుముకుని సరేనన్నాడు.

మూడో ఏడు, వానలకి ముందు, సింహాద్రినాయుడే వచ్చాడు. వెనక ముప్పైమంది మగాళ్ళు, ముప్పై గునపాలు. పట్నంలో బట్టీవాళ్ళకి వేరుమొద్దులు కావాలట. బదులుగా బండ్లనిండా గింజలు ఇస్తారట. ఎలాగూ పోయే ఊరే కదా, దారిబత్తెం అవుతుందని నాయుడి ఆలోచన.

అసిరమ్మ చేతులు చాపి అడ్డం నిలబడింది. "పురుడు జరిగింది, పక్కకి పో!"

"రెండు వానలు చూశాం అత్తా. గెడ్డ రాలేదు. మూడోది మాత్రం ఏటి చేస్తుంది?"

"నాయుడూ, నువ్వు పుట్టడానికి ఎన్నాళ్ళు పట్టిందో తెలుసా? మూడు రోజులు! కడుపులో అడ్డం తిరిగావు. రెండో రోజుకే మీ నాన్న పాడెకి వెదుళ్ళు కొట్టించాడు. ఇంకొక్క పూట ఆగండి అన్నది ఎవరు? నేను. ఆగబట్టే ఇవాళ నాకు గునపం చూపిస్తున్నావు."

వెనకవాళ్ళు కిసుక్కుమన్నారు.

"ఏటి నవ్వు? ముత్యాలూ, నువ్వు ఎదురుకాళ్ళతో వచ్చావు. పోలయ్యా, నువ్వు పుట్టి ఏడవలేదు. వీపు మీద కొట్టి ఏడిపించాను. మళ్ళీ కొట్టమంటావా?"

ఒక గునపం కింద పడింది. రెండోది పడింది. ముప్పయ్యీ పడ్డాయి.

నాయుడు తలొంచుకున్నాడు. "అయితే ఏటి చెయ్యమంటావత్తా?"

"ఈ ఒక్క వాన చూడండి. ఇంటికో పది మోళ్ళు పట్టండి. నేనొక్కదాన్ని ఎంతమందికని పురుడు పొయ్యను!"

పట్టారు! ఆడా మగా కొండెక్కారు. ఊళ్ళో పసుపు అయిపోయింది, పాతచీరలు అయిపోయాయి, మోళ్ళు మాత్రం ఇంకా ఉన్నాయి.

వాన వచ్చింది. అంతకుముందు వాన కొండ మట్టిని ఈడ్చుకుని ఒక్క పరుగున పోయేది. ఈసారి ఆకుల మీద ఆగింది. వేళ్ళ దగ్గర ఆగింది. నేలలోకి ఇంకింది. వానలు వెళ్ళిపోయాక, ఫెళ్ళున ఎండ కాస్తున్న రోజున, రాళ్ళ మధ్య నీళ్ళు గలగలమన్నాయి!

"గెడ్డ! గెడ్డ! గెడ్డొచ్చింది!"

పిల్లలు పరుగెత్తారు. మేకలు పరుగెత్తాయి. సూరప్ప గొడ్డలి పారేసి పరుగెత్తాడు. నాయుడైతే తలపాగాతో సహా నీళ్ళలో కూర్చున్నాడు. అసిరమ్మ ఒడ్డున నిలబడి ఒక్కటే మాట అంది: "తల్లికి పాలు పడ్డాయి."

ఊరు కదల్లేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళకి అసిరమ్మ పోయింది. "తలకొరివి ఎవరు పెడతారు?" అని పొరుగూరివాళ్ళు అడిగారు. ముప్పైమంది ఒక్కసారే ముందుకొచ్చారు.

ఇప్పటికీ ఆ పల్లెలో ఏ ఇంట బిడ్డ పుట్టినా, తండ్రి కొండెక్కి ఒక మోడుకి పసుపుగుడ్డ కట్టి వస్తాడు. మూడు వానలు దాన్ని కూడా సాకుతాడు. ఆ ఊరి ఆడవాళ్ళని పిల్లలెంతమందని అడిగి చూడండి. వేళ్ళు మడిచి మరీ చెబుతారు:

"ఇంట్లో ఇద్దరు, కొండ మీద ఇద్దరు. చెప్పిన మాట వినేది కొండ మీదవాళ్ళే."