దొరగారు తోలుకొచ్చిన మేక

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే ఊరు కాదే తల్లీ, తెల్లవాళ్ళు ఓడల్లో వచ్చి సముద్రం ఒడ్డున కొత్తగా కట్టుకున్న వర్తకపు కోఠీ. ఆ కోఠీ దొరకి ఒక్కతే కూతురు, లూసీ. తల్లి ఓడలోనే పోయింది పాపం. నూకాలు అనే ఆయా ఆ పిల్లని పెంచేది. నోరు తిరక్క లచ్చీ అని పిలిచేది. నువ్వు కాళ్ళు ఆడించకు, దుప్పటి కప్పుకో, చెబుతా.

ఒకనాడు లచ్చికి ఒళ్ళు కాలిపోయి, అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులే. కోఠీ డాక్టరు లోపలే ఉండి మందిస్తూ, "ఇదివరకు పోసినవాళ్ళే లోపలికి రావాలి, వచ్చినవాళ్ళు తగ్గేదాకా బయటికి పోకూడదు" అన్నాడు. దొరకి ఎన్నడూ పోయలేదు. నూకాలుకి చిన్నప్పుడే పోసింది. కానీ ఏటి అవతల గుడిసెలో, అత్త దగ్గర, దానికి పాలు తాగే పసిపిల్ల ఉంది, సింహాచలం. లోపలికెళితే దాని గతేంటి? అందుకని కిటికీ దగ్గరే నిలబడింది.

అమ్మవారు పోసిన బిడ్డ ఏదడిగినా లేదనకూడదు. అడిగేది అమ్మవారేనని మనవాళ్ళ నమ్మకం.

ముందు లచ్చి కొబ్బరినీళ్ళడిగింది. నూకాలు కిటికీలోంచి అందించింది. ఆ తర్వాత, ఫిరంగి మోతకి తల పగిలిపోతోందంది. నూకాలు వెళ్ళి, "అమ్మవారు వద్దంటోంది దొరా" అంది. రోజూ మధ్యాహ్నం పేల్చే ఆ ఫిరంగి నోట్లో దొర గుడ్డలు కుక్కించాడు. ఇక చూడు, అన్నంవేళ తెలీక కోఠీ అంతా అల్లాడిపోయింది.

అప్పుడు మూడోది. మందు మింగకుండా మూతి బిగించుకుని, "నూకాలూ, నీ ఒళ్ళో పడుకుంటా" అంది.

నూకాలు గుండె చెరువైపోయింది. వెళ్ళకపోతే ఈ పిల్ల దక్కదు. వెళితే తన పిల్ల ఆకలికి ఏడుస్తుంది. "నా బిడ్డకి పాలెవరిస్తారు దొరా?" అని ఏడ్చింది.

దొర "నేను" అన్నాడు. ఆయనకొచ్చిన తెలుగు అంతే.

నూకాలు గడప దాటింది. లచ్చిని ఒళ్ళో వేసుకుని, వేపమండతో విసురుతూ, గోక్కోకుండా చేతులు పట్టుకుని, చెంచా చెంచాగా మందు పట్టింది.

మరి దొరేం చేశాడనుకున్నావ్? టోపీ పెట్టుకుని, పాలిచ్చే మేకనొకదాన్ని తాడుతో లాక్కుంటూ ఏరు దాటాడు. గుడిసె గుమ్మం తగిలి టోపీ కాస్తా మేక ముందు పడింది. అది అంచు నమిలేసింది. నూకాలు అత్త పాలు పిండి కాస్తుంటే, దొర నేలమీద చతికిలబడి పసిదాన్ని ఎత్తుకున్నాడు. రోజూ అదే పని.

ఆ తర్వాత పొక్కులు మాడాయి. లచ్చికి వేపాకునీళ్ళతో తలకి పోశారు. నూకాలూ పోసుకుని ఇంటికి పరిగెత్తింది. "రావే నా తల్లీ" అని చేతులు చాపితే, సింహాచలం దొర మీసం పట్టుకుని వదిలితేనా! నూకాలుకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. దొర మెల్లిగా ఆ గుప్పెట విడిపించి, పిల్లని తల్లి ఒళ్ళో పెట్టాడు.

కొంగు పట్టుకుని వెనకే వచ్చిన లచ్చి, మొహమంతా మచ్చలతో, "నాకూ చోటియ్యి" అంది. నూకాలు జరిగి కూచుంది. ఇద్దరూ సరిపోయారు.

కథేమో కంచికెళ్ళింది,
మేకేమో దొడ్డికెళ్ళింది,
నా ఒళ్ళో బంగారుతల్లి
నిద్దట్లోకెళ్ళింది.