రాజుగారి కలలోకి వచ్చిన దున్నపోతు

పూర్వం నాలుగు కొండల నడుమ ఇమిడిపోయేంత చిన్న రాజ్యం ఒకటి ఉండేది. పేరు పాలవెల్లి. రాజ్యం చిన్నదే గానీ, దాన్ని ఏలే వీరకేసరి భూపతికి బిరుదులు ముప్పై రెండు. ఆయన సభలో తుమ్మినా సరే, భట్రాజు ముందు బిరుదులన్నీ చదివి, ఆ తర్వాతే "చిరంజీవ" అనాలి.

అంతటివాడికీ ఒకనాటి తెల్లవారుజామున చెడ్డ కల వచ్చింది. నల్లటి దున్నపోతొకటి పడకగది గుమ్మంలో నిలబడి ఆయన వంక చూసింది. అంతే. లేచేసరికి ఒళ్ళంతా చెమటలు.

ఆస్థాన పండితుడు దక్షిణామూర్తి అవధాని తాటాకుల కట్ట విప్పాడు. "కలలో ఏనుగు కనిపిస్తే సంపద. ఆవు కనిపిస్తే శుభం. దున్నపోతు మాత్రం... యముడి వాహనం మహాప్రభూ!" అని తల దించుకున్నాడు.

మిగతాది చెప్పనక్కర్లేకపోయింది. రాజు తండ్రి యాభై రెండో ఏట పోయాడు. రాజుకు ఇప్పుడు నడుస్తున్నది ఆ ఏడే.

"దీనికి శాంతి?"

"దున్నలూ గేదెలూ, ఆ జాతి మొత్తం శుక్రవారం పొద్దు గూకేలోగా పొలిమేర దాటాలి."

ఊరూరా దండోరా పడింది. గేదెల్ని మేపుకుని బతికే బయ్యమ్మ ఆ మాట వినగానే పశువుల కొట్టంలోకి పరుగెత్తింది. ఆమె గేదె కాటుక నిండు చూడిది, ఇవాళో రేపో ఈనబోతోంది. పొలిమేర దాటాలంటే కొండెక్కి దిగాలి. ఆ రాళ్ళ దారిలో అది సగం దూరం కూడా నడవలేదు. గేదె పొట్ట మీద చెయ్యి వేసి చూస్తే లోపల దూడ కదిలింది. బయ్యమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని, పొరుగామెకు గేదెను అప్పజెప్పి, తిన్నగా సభకు నడిచింది.

"ఏలినవారికి దండాలు. నేను బయ్యమ్మను, గేదెలు కాసుకునేదాన్ని. తమరి కల గురించి రెండు మాటలు అడిగి పోతాను."

"నీకు స్వప్నశాస్త్రం ఏం తెలుసు?" అని అవధాని కసిరాడు.

"శాస్త్రం తెలీదు సామీ. దున్నపోతు తెలుసు."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు నవ్వలేదు. కళ్ళు లోతుకు పోయి, ముఖం పీక్కుపోయి ఉంది. నాలుగు మాటలు అడిగేద్దామని కోపంగా వచ్చిన బయ్యమ్మకు, ఆయన్ను చూడగానే మనసు కరిగింది. జ్వరంతో పడుకున్న తమ్ముణ్ణి పలకరించినట్టు అడిగింది.

"దొరా, అది మీ వంక చూసేటప్పుడు నోరు ఆడిస్తా ఉందా?"

రాజు కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. "ఆ... నెమరేస్తున్నట్టే ఉంది."

"తోకో?"

"మెల్లగా ఊపుతోంది."

"అయితే భయం లేదు దొరా. బెదిరినా, పొడవాలనుకున్నా దున్న ముందు నెమరు ఆపేస్తుంది. మీ దగ్గరికొచ్చింది నింపాదిగానే ఉంది."

"నెమరేస్తే మాత్రం యముడి వాహనం కాకుండా పోతుందా?" అన్నాడు అవధాని.

"యముడిదే అనుకుందాం సామీ. దొరా, దాని మీద ఎవరైనా కూర్చున్నారా?"

"లేదు."

"పలుపు పట్టుకుని పక్కన ఎవరైనా?"

"ఎవరూ లేరు. మెడలో పలుపు కూడా లేదు."

బయ్యమ్మ చేతులు తిప్పింది. "అయితే అది తప్పించుకొచ్చింది దొరా! ఆ పెద్దాయన్ని మోసి మోసి విసిగిపోయి, నీడ వెతుక్కుంటా మీ గుమ్మంలోకొచ్చింది. దాన్ని మీరు పొలిమేర దాటిస్తే ఎక్కడికి పోతుంది? మళ్ళీ ఆయన దగ్గరికే. ఈసారి వచ్చేటప్పుడు ఆయన్ని ఎక్కించుకునే వస్తుంది!"

రాజు ఉలిక్కిపడి అవధాని వంక చూశాడు.

"ఎక్కేవాడు లేని వాహనం గురించి తాటాకుల్లో ఏముంది సామీ?" అని అడిగింది బయ్యమ్మ.

అవధాని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరగేశాడు. ఎంత గర్వమున్నా అబద్ధం ఆడే మనిషి కాదు. "ఏమీ లేదు," అన్నాడు నెమ్మదిగా.

"మరి యమలోకం ఇక్కడికి ఎంత దూరం?"

ఇది తెలిసిన ప్రశ్న. "ఎనభై ఆరు వేల యోజనాలు!" అన్నాడు ఠీవిగా.

"విన్నారా దొరా? దున్నను మనమే మేపుకుంటే, ఆయన ఆ దూరమంతా నడిచి రావాలి. ఈలోగా మీరు మునిమనవళ్ళ పెళ్ళిళ్ళు చేసుకుంటారు."

రాజు మీసాల కింద పెదవి కదిలింది. అయినా చిన్న గొంతుతో అడిగాడు. "ఒకవేళ వచ్చేస్తే?"

"దాహంతోనే కదా వస్తాడు? ఊళ్ళో మొదటి ఇల్లు నాదే. అల్లం, కరివేపాకు వేసి చెంబెడు మజ్జిగ పోస్తాను. నా గేదె మజ్జిగ తాగి అరుగు మీద ఒరిగినవాణ్ణి లేపడం ఎవరి తరమూ కాదు!"

రాజు నవ్వాడు. సింహాసనం చేతులు పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వాడు. చివరికి అవధాని కూడా ఆపుకోలేక ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

దండోరా రద్దయింది. కోట వెనక రాజుగారి గుర్రాల కోసం ఉంచిన పచ్చికబీడులో ఇకనుంచి ఊరి గేదెలన్నీ మేయవచ్చని ఆజ్ఞ అయింది. రాజు తన భుజం మీది పట్టుశాలువా తీసి బయ్యమ్మకు కప్పాడు.

"సెలవిప్పించండి దొరా. ఇంటి దగ్గర గేదె ఈనే వేళైంది."

రాజు గొంతు సవరించుకున్నాడు. "బయ్యమ్మా, మరి... జున్ను?"

"ముందు దూడ కడుపు నిండాలి దొరా," అంది బయ్యమ్మ మెట్లు దిగుతూ. "మిగిలితే అప్పుడు మీకు."

ముప్పై రెండు బిరుదుల దొర వరసలో దూడ వెనక నిలబడటానికి నవ్వుతూ ఒప్పుకున్నాడు.